పొద్దుటి పొయ్యి మీద గోధుమ లేని పాన్‌కేకులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సంగతి ఒకటే. సెలవులకు గుడారాలు కట్టుకుని బయట రాత్రి గడపాలనుకుంటున్నారు, వాళ్లలో ఒకరికి గోధుమ పడదు, పొద్దున టిఫిను ఎట్లా అని. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చాం. కొలతల్లో చెంచా అంటే 5 మి.లీ. టీ చెంచా. పెద్ద చెంచా అంటే 15 మి.లీ. రెండూ తలకొట్టుగా.

మా బాబుకు తొమ్మిదేళ్లు. సీలియాక్ అని, అంటే గోధుమలోని గ్లూటెన్ పేగును దెబ్బతీసే జబ్బు అని, పోయినేడు తేల్చారు. వచ్చే నెల మా ఆడపడుచు వాళ్లు, తోడికోడలు వాళ్లు, మేము కలిసి మైపాడు ఒడ్డున రెండు రాత్రులు ఉండాలనుకున్నాం. పిల్లలందరికీ పొద్దున పాన్‌కేకులు కావాలంట. మైదా లేకుండా ఇంట్లో రెండుసార్లు చేసి చూశాను. ఒకసారి తిప్పేటప్పుడు ముక్కలైపోయింది. ఇంకోసారి పైన ఎర్రగా కాలి లోపల బంకగా ఉండిపోయింది. ఎట్టా చేసేది?
— ఒక తల్లి, కావలి

ఆ రెండు తప్పులకూ కారణం వేరువేరు. మైదాలో నీళ్లు పోసి కలిపితే అందులోని గ్లూటెన్ అనే మాంసకృత్తు సాగే వలలాగా అల్లుకుంటుంది. బేకింగ్ పౌడర్ పుట్టించే గాలి బుడగలు ఆ వలలో చిక్కి నిలుస్తాయి. బియ్యప్పిండికీ జొన్నపిండికీ ఆ వల లేదు. దాని పని ఇంకేదైనా చేయాలి. గుడ్డులోని మాంసకృత్తు కాలి గట్టిపడి కొంత పట్టు ఇస్తుంది. సగ్గుబియ్యం లాంటి పిండిపదార్థం వేడికి ఉబ్బి ఇంకొంత ఇస్తుంది. ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లు పీల్చి జిగురు కట్టి మిగతాది ఇస్తుంది. మీ మొదటి పాన్‌కేకు ముక్కలైందంటే ఈ పట్టు చాలలేదు, లేదా కింద కాలకముందే తిప్పారు. రెండోది బంకగా ఉందంటే పిండి నానలేదు, మంట ఎక్కువైంది.

ఒక సంచికి ఈ లెక్క. సన్నటి బియ్యప్పిండి 150 గ్రాములు, జొన్నపిండి 100, సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా పట్టి జల్లించిన పిండి 50. పాలపొడి 30 గ్రాములు, చక్కెర 25. బేకింగ్ పౌడర్ 2 చెంచాలు, ఉప్పు అర చెంచా, రంగూ రుచీ కలపని ఇసబ్‌గోల్ పొట్టు 5 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచా. ఇసబ్‌గోల్‌ను కూడా మిక్సీలో ఒక తిప్పు తిప్పండి, లేకపోతే పిండిలో పొరలు పొరలుగా తేలుతుంది. అన్నీ కలిపి మూడుసార్లు జల్లెడ పట్టండి. ఇది విసుగు పని, అయినా మానవద్దు. ఇసబ్‌గోల్ ఒకచోట ముద్దగా చేరితే అక్కడ బంక, లేనిచోట విరుగుడు. జిప్ కవర్లో పోసి గాలి తీసేసి, కవరు మీదే "గుడ్లు 2, నీళ్లు 400, నూనె 2 పెద్ద చెంచాలు" అని రాసి పెట్టండి. పొద్దున్నే నిద్రమత్తులో లెక్క గుర్తుండదు.

ఒక సంచికి 12 నుంచి 14 చిన్న పాన్‌కేకులు వస్తాయి. మీరు మూడు కుటుంబాలు కాబట్టి పూటకు మూడు సంచులు పట్టుకుపోండి. ఒకే పెద్ద సంచి వద్దు. కలిపిన పిండి చాలాసేపు ఉంటే బుడగలు పోతాయి కాబట్టి ఒకటి అయ్యాక ఇంకొకటి కలుపుకోవాలి.

బయలుదేరే ముందు బేకింగ్ పౌడర్‌ను పరీక్షించండి. అర చెంచా పొడి మీద పావు గ్లాసు వేడినీళ్లు పోస్తే వెంటనే బుసబుసా పొంగాలి. సముద్రం పక్కన ఉండేవాళ్ల ఇళ్లల్లో తెరిచిన డబ్బా తేమ పీల్చి త్వరగా చచ్చిపోతుంది.

అక్కడ కలిపే పద్ధతి ఇది. ముందు గుడ్లు బాగా గిలకొట్టండి. అందులో నూనె, 350 మి.లీ. గోరువెచ్చటి నీళ్లు పోసి, పిండి కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. మిగతా 50 మి.లీ. చేతిలో ఉంచుకోండి. మైదా పాన్‌కేకులకు ఎక్కువ కలపకూడదంటారు, వల గట్టిపడి రబ్బరులా అవుతుందని. ఇక్కడ ఆ భయం లేదు, ఉండలు పోయేదాకా కలపొచ్చు. తర్వాత మూతపెట్టి 12 నుంచి 15 నిమిషాలు కదపకండి. చాలామంది చేసే తప్పు ఇక్కడే ఉంది. బియ్యప్పిండి, జొన్నపిండి నిదానంగా నీళ్లు పీలుస్తాయి. నానకుండా పోస్తే నోట్లో ఇసుకలా తగులుతుంది, లోపల పచ్చి మిగిలిపోతుంది. అట్లాగని గంటసేపు ఉంచితే బేకింగ్ పౌడర్ బలం తగ్గి అట్టు చప్పిడిగా అణిగిపోతుంది.

నానాక ఇడ్లీ పిండి మాదిరి ఉండాలి. గరిటె నుంచి జారాలి కానీ ధార కట్టకూడదు. బాగా గట్టిపడి ఉంటే ఉంచుకున్న నీళ్లు అప్పుడు పోయండి. పెనం వేడెక్కాక మంట తగ్గించి, నూనె రాసిన గుడ్డతో తుడిచి, చిన్న గరిటెడు పిండి పోయండి. దోశలాగా తిప్పి పరచవద్దు, దానంతట అదే అరచేతి వెడల్పున పరుచుకోవాలి. మైదా పాన్‌కేకులకు పైన బుడగలు పగిలి చిల్లులు పడితే తిప్పుతారు. వీటిలో చిల్లులు అంత స్పష్టంగా కనపడవు, దాన్ని నమ్ముకుంటే మాడుతుంది. అంచు చూడండి. చుట్టూ మెరుపు పోయి పొడిబారాలి, అట్లకాడ కింద దూర్చితే అంటకుండా కదలాలి. సన్నటి సెగ మీద ఇది సుమారు రెండు నిమిషాలు. తిప్పాక మూత పెట్టి ఒకటిన్నర నిమిషం. మూత కింద ఆవిరి లోపలిదాకా ఉడికిస్తుంది. మీ రెండోసారి బంకకు ఈ మూతే మందు.

తీసినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఆవిరికి తడిసి మెత్తబడతాయి. బుట్టలో ఉతికిన గుడ్డ పరిచి విడివిడిగా పెట్టండి. మేపుల్ సిరప్ కోసం వెతకనక్కర్లేదు. 100 గ్రాముల తాటిబెల్లం కానీ మామూలు బెల్లం కానీ 60 మి.లీ. నీళ్లలో కరిగించి, వడగట్టి, వేలికి అంటుకునేదాకా కాచి సీసాలో పోసుకుపోతే సరిపోతుంది.

గుడ్లు పగలగొట్టి సీసాలో తెచ్చుకోవచ్చు కానీ, ఐస్ పెట్టెలో పెట్టినా సరే, మర్నాడు పొద్దునకే వాడెయ్యాలి. రెండో రోజువి పెంకుతోనే, డబ్బాలో బియ్యం పోసి మధ్యలో గుచ్చి తీసుకుపోండి. ఆ బియ్యం మధ్యాహ్నం కడిగి వండుకోవచ్చు.

ఇంకొక్క మాట. మీ బాబుకు వేరే, మిగతా పిల్లలకు మైదావి వేరే అని మాత్రం పెట్టుకోకండి. ఒకే పెనం, ఒకే అట్లకాడ, ఒకే చేతులు. ఇసుక మీద, గాలిలో మైదా ఎగిరేచోట దాన్ని వేరుగా ఉంచడం పెద్దలకే కష్టం. సీలియాక్ ఉన్న బిడ్డకు చిటికెడు మైదా అయినా పేగును దెబ్బతీస్తుంది. అందరూ ఇవే తింటే ఆ తంటా ఉండదు. తొమ్మిదేళ్ల బిడ్డ ఒక్కడూ వేరే పళ్లెం పట్టుకుని కూర్చునే అవసరమూ రాదు.

గోధుమ మానేసి ఆరు నెలలు. అంతా జొన్నపిండే వాడుతున్నాను, మా వీధిలోని పిండిమరలో పట్టించుకుని. అయినా కడుపు నొప్పి, ఉబ్బరం తగ్గడం లేదు. జొన్న కూడా పడదా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జొన్నలో గ్లూటెన్ లేదు. అనుమానించాల్సింది మరను. మీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని ఉంటారు. ఆ పిండి రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డసంచిలో మిగిలి మీ జొన్నల్లో కలుస్తుంది. మొదటి కిలో వదిలేసి తర్వాతది పట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. గోధుమ కాస్త ఇబ్బంది పెట్టేవాళ్లకు అది చాలొచ్చు, సీలియాక్ ఉన్నవాళ్లకు మాత్రం చాలదు. జొన్నలు కొన్నాక పళ్లెంలో పోసి గోధుమ గింజలు, బార్లీ గింజలు ఏరి, రెండు నీళ్లలో కడిగి, ఎండబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టుకోండి. జారులో సగానికి మించి పోయవద్దు, మధ్యలో ఆపుతూ పట్టండి, వేడెక్కితే పిండికి మాడు వాసన వస్తుంది. సన్న జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వను మళ్లీ వేయండి. ప్రయాణానికి తీసుకుపోయే బియ్యప్పిండికీ ఇదే దారి. అరిసెలకు పట్టే తడిపిండి మాత్రం సంచిలో కట్టకండి, ఒక్క రోజుకే పులుపు వాసన వస్తుంది.

దుకాణంలో కొనేట్లయితే కవరు మీద గ్లూటెన్ ఫ్రీ అన్న మాట చూడండి. మన దేశంలో ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. జొన్నపిండి అని మాత్రమే రాసి ఉంటే ఆ భరోసా లేదు.

ఇంట్లో ఇంకో దొంగ కూడా ఉంది: ఇంగువ. డబ్బాల్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు, డబ్బా వెనక చదివితే కనపడుతుంది. కందిపొడి, కారప్పొడి, కొన్న ఊరగాయలు, సాంబారు పొడి, అన్నిటిలోకీ అది చేరుతుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, అది తెచ్చుకోండి.

మీరు పరీక్ష చేయించుకోకుండానే గోధుమ మానేసినట్టు ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. సీలియాక్‌ను పట్టే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే నిజం చెబుతుంది. మానేసి నెలలు గడిచాక చేస్తే వ్యాధి ఉన్నా లేదని రావచ్చు. కడుపు జబ్బుల వైద్యుణ్ని కలిసి, మానేసిన సంగతి ముందే చెప్పండి. ఎప్పుడు, ఎంత మళ్లీ తినాలో ఆయనే చెప్పాలి, మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు.

పెంచలకోనకు వెళ్తున్నాం, గుడ్డు ముట్టం. పాన్‌కేకుల్లో గుడ్డుకు బదులు ఏం వేయాలి?
— ఒక పాఠకురాలు, రాపూరు

రెండు పెద్ద చెంచాల అవిసె గింజల పొడిని ఆరు పెద్ద చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెడితే జిగురు కడుతుంది. అది రెండు గుడ్లకు బదులు. పైన చెప్పిన సంచికి అదీ, బాగా మగ్గిన ఒక చిన్న అరటిపండు గుజ్జూ కలిపి, నీళ్లు 350 మి.లీ. తో ఆపండి. పాన్‌కేకులు ఇంకా చిన్నవిగా, ఇంకా సన్నసెగ మీద పోయాలి. అరటిపండులో చక్కెర ఉంటుంది కాబట్టి త్వరగా నల్లబడతాయి.

అయితే మా ఉద్దేశం దాచకుండా చెబుతాం. గుడ్డూ గోధుమా రెండూ లేనప్పుడు పాన్‌కేకును అనుకరించడం కంటే పెసరట్టు పోసుకోవడం మేలు. పెసరపిండి తనంతట తానే పట్టు కడుతుంది, దానికి ఏ జిగురూ అక్కర్లేదు. పెసలు ఏరి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించి, చల్లారాక పొడి చేసి జల్లించండి. ఆ పిండి 250 గ్రాములు, బియ్యప్పిండి 50, జీలకర్ర చెంచా, ఉప్పు చెంచా ఒక సంచిలో. అక్కడ అర లీటరు నీళ్లతో కలిపి 20 నిమిషాలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ తరిగి చల్లి పలచగా తిప్పుకోండి. వేయించకుండా పొడి చేస్తే పచ్చివాసన పోదు. మొదటి అట్టు పెనానికి అంటుకుంటే పిండిలో తప్పు వెతకకండి, పెనం ఇంకా కాగలేదు. సగం ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రుద్ది మళ్లీ పోయండి.

ఇంట్లో రుబ్బిన దోశపిండే సీసాలో పట్టుకుపోతే సరిపోదా? ఇంత తతంగం ఎందుకు?
— ఒక పాఠకుడు, కందుకూరు

సరిపోతుంది, ఒక్క రాత్రికైతే. బియ్యం, మినప్పప్పు, మెంతులు, వీటిలో గ్లూటెన్ లేదు. సమస్య ఎండతోనే. మన వేసవిలో పిండి కొన్ని గంటల్లోనే పొంగుతుంది. నిండా పోసి బిరడా బిగించిన సీసా కారు డిక్కీలో పగిలినంత పని చేస్తుంది. రుబ్బిన వెంటనే, పొంగకముందే, ఉప్పు వేయకుండా వెడల్పు మూతి డబ్బాలో సగానికే పోసి ఫ్రీజర్లో గడ్డ కట్టించండి. బయలుదేరేటప్పుడు తీసి ఐస్ పెట్టెలో పెడితే రాత్రికి కరిగి, బయట పెడితే పొద్దునకు పులుస్తుంది. రెండో పొద్దునకు మాత్రం దాన్ని నమ్ముకోకండి.

బజారులో అమ్మే తడిపిండి, దారిలో హోటలు దోశ సీలియాక్ ఉన్నవాళ్లకు పెట్టవద్దు. కరకరలాడాలని కొందరు అందులో బొంబాయి రవ్వో మైదానో కలుపుతారు. నెల్లూరు కారం దోశ మీద ఎంత ఆశ ఉన్నా, అదే పెనం మీద అంతకుముందు రవ్వదోశ కాలి ఉంటుంది. ఎర్రకారం ఇంట్లో నూరుకుని చిన్న సీసాలో తీసుకుపోండి. ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, అంతే కదా.

కొత్తపట్నం బీచిలో పోయినసారి గ్యాస్ పొయ్యి గాలికి నిలవలేదు. ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా వచ్చాయి. కట్టెల పొయ్యి పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

గాలికి అడ్డం కావాలి కానీ పొయ్యిని చుట్టూ మూసెయ్యకూడదు. చిన్న సిలిండరు మీదే బర్నరు బిగించే రకం పొయ్యికి చుట్టూ రేకు కడితే వేడి సిలిండరుకు తగిలి అది పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు మాత్రమే, పొయ్యికి మూరెడు దూరంగా, పెట్టెలు కానీ సంచులు కానీ అడ్డం పెట్టండి. కారును అడ్డం పెట్టుకునేట్లయితే ఇంకా దూరంగా. ఇసుకలో పొయ్యి ఒకవైపు దిగి పిండి ఒక పక్కకే జారుతుంది, కింద చదునైన బండో మందపాటి చెక్కో వేయండి. పల్చటి అల్యూమినియం పెనం మంట తగిలిన చోటే మాడుతుంది, మందపాటి ఇనుప పెనం వేడిని పట్టి ఉంచుతుంది. ఇంట్లో చపాతీలు కాల్చే పెనం మాత్రం గోధుమ పడనివాళ్లకు పనికిరాదు. ఏళ్ల తరబడి ఆ పిండి దాని గరుకులో కాలి పేరుకుని ఉంటుంది. కొత్త ఇనుప పెనం ఒకటి కొని, నూనె రాసి కాచి, దాన్ని అట్లకే ఉంచండి. చెక్క అట్లకాడా అంతే. వాన వచ్చినా గాలి వచ్చినా పొయ్యి గుడారం లోపలికి తేవద్దు. మంట సంగతి అటుంచితే, వాసన లేని విషవాయువు లోపల నిండుతుంది.

కట్టెల పొయ్యి అయితే మూడు రాళ్లు, సరుగుడు కట్టెలు. సరుగుడు ఆకు గుప్పెడు వేస్తే భగ్గుమని అంటుకుని వెంటనే ఆరిపోతుంది, అది రాజెయ్యడానికే. కట్టె కాలి నిప్పులు పడేదాకా అరగంట ఆగి, మంట మీద కాకుండా నిప్పుల మీద పెనం పెట్టండి. పాన్‌కేకుకు కావాల్సింది నిలకడైన సెగ. అయ్యాక నిప్పుల మీద ఇసుక కప్పి వదలకండి, లోపల గంటల తరబడి కణకణలాడుతుంటాయి, ఉత్త కాళ్లతో వచ్చే పిల్లలకు కనపడవు. నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయండి. ఇది ఒడ్డున సంగతి. భైరవకోన, పెంచలకోన వైపు రిజర్వు అడవిలో నిప్పు రాజెయ్యడం చట్టప్రకారం నేరం. అడవిలోకి వెళ్లేట్లయితే ఇంట్లో కాల్చిన పెసరట్లే పట్టుకుపోండి.

సేమ్యా, ఓట్సు, కొర్రలు, ఇడ్లీ రవ్వ. వీటిలో ఏవి పనికొస్తాయి?
— ఒక పాఠకురాలు, ఆత్మకూరు

ఇడ్లీ రవ్వ బియ్యానిది, పనికొస్తుంది. ఉప్మా రవ్వ గోధుమది, పనికిరాదు. పొరపాటంతా ఈ రెండింటి మధ్యనే జరుగుతుంది, డబ్బాల మీద పేర్లు రాసుకోండి. కొర్రలు, సామలు, అరికెలు, వరిగలు, రాగులు, సజ్జలు అన్నీ మంచివే, ఏరి కడిగితే. సేమ్యా మామూలుగా గోధుమదే, బియ్యపు సేమ్యా వేరే దొరుకుతుంది. ఓట్సు గోధుమతో కలిసే చోట పండి, కలిసే చోట పట్టబడతాయి, గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి తప్ప వద్దు. అవి కూడా సీలియాక్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి పడవు.

జొన్నపిండికి బదులు సజ్జపిండి వేసి ఆ సంచి కట్టాను. పదిహేను రోజుల తర్వాత తెరిస్తే అట్లు చేదొచ్చాయి. బేకింగ్ పౌడర్ ఎక్కువైందా?
— ఒక పాఠకురాలు, కనిగిరి

కాదు, పిండి చెడింది. సజ్జలో నూనె పాలు ఎక్కువ. గింజగా ఉన్నన్నాళ్లూ బాగుంటుంది, పిండి పట్టగానే ఆ నూనె గాలికి, తేమకు విరిగి చేదెక్కుతుంది. వేసవిలో వారం కూడా ఆగదు. సజ్జపిండి వాడాలంటే బయలుదేరే ముందురోజు పట్టి, ప్రయాణంలో ఐస్ పెట్టెలో పెట్టండి. పట్టేముందు గింజలు కాస్త వేయిస్తే ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. జొన్నపిండి సంచి గాలి చొరకుండా కడితే నెల దాకా వాసన మారదు. తెరిచినప్పుడు ముందు ముక్కు దగ్గర పెట్టుకోండి, పాత నూనె వాసన ఏ కొంచెం వచ్చినా పారబోయండి. బేకింగ్ పౌడర్ ఎక్కువైతే వచ్చే చేదు వేరు, అది నాలుక మీద సబ్బులా జారుతుంది, అట్టు మీద పసుప్పచ్చ చుక్కలు కూడా కనపడతాయి.